నలభై ఒక్క లైన్లు

మా పెద్దల్లుడు మంచివాడు. ఈ మాట నేను ఎప్పుడన్నా వంటింట్లోంచి మా ఆవిడ ఒకసారి దగ్గుతుంది. మిగతాది కూడా చెప్పమని ఆ దగ్గుకి అర్థం. చెబుతాను. అతనికి నలభై ఆరేళ్ళు. బీపీ లేదు, షుగరు లేదు, మోకాళ్ళ నొప్పులు లేవు. ఉన్నదల్లా కడుపుమంట ఒక్కటే. అదీ లోకం మీద కాదు, ఒకే ఒక్క మనిషి మీద. ఆ మనిషి మా చిన్నల్లుడు.

తోడల్లుళ్ళ మధ్య కాస్త కుళ్ళు ఉండటం వింతేమీ కాదు. ఒకరి కప్పులో టీ రెండు చుక్కలు ఎక్కువ పడితే రెండోవారి కళ్ళు ఆ కప్పు మీదే ఉంటాయి. నా తోడల్లుడు నాకంటే రెండంగుళాలు పొడుగని నేను మా పెళ్ళి ఫొటోలో మునివేళ్ళ మీద నిలబడ్డాను. యాభై ఏళ్ళుగా ఆ ఫొటోలో అలాగే నిలబడి ఉన్నాను. ఇప్పటికీ దాని ముందు నుంచి నడిస్తే నాకు పిక్కలు లాగుతాయి. అబద్ధమనుకుంటే మా ఆవిడనడగండి, ఆవిడ కూడా అబద్ధమనే అంటుంది.

అయితే మాది నోటితో తీరిపోయే కుళ్ళు. మా పెద్దల్లుడిది జావా అనే కంప్యూటరు భాషలో రాసి పెట్టుకున్న కుళ్ళు. అందుకే చెప్పుకోవలసి వచ్చింది.

ఊళ్ళో ఆరు శాఖలున్న పళ్ళ ఆసుపత్రి ఒకటుంది. దానికి అపాయింట్‌మెంట్లు ఇచ్చే వెబ్‌సైటును నడిపే ఆఫీసులో అతనికి ఉద్యోగం. అద్దాల మేడ అనుకునేరు. కింద టైర్ల కొట్టు, పైన కుట్టు మిషన్లు బాగుచేసే చోటు, దాని పైన వీళ్ళు. మెట్లెక్కి వచ్చేసరికి ఎవరి ఒంటినుంచైనా కొత్త టైరు వాసన వస్తుంది. మా పెద్దమ్మాయి ఆ వాసనని బట్టే మొగుడు వీధి మలుపు తిరిగాడని పసిగట్టి టీ పెడుతుంది. లోపల పద్దెనిమిది మంది, ఒక ఏసీ, ఆ ఏసీ కారే నీళ్ళకి ఒక నీలం బకెట్టు. రోజుకి రెండుసార్లు ఆ బకెట్టును తీసుకెళ్ళి పారబోసేది మా పెద్దల్లుడే. ఎవరూ చెప్పలేదు, అతనే పెట్టుకున్నాడు. పదకొండేళ్ళ కిందట ఆ సైట్లో సెషన్ అనే భాగాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రాసిందీ అతనొక్కడే.

సెషన్ అంటే ఏమిటని నేనూ అడిగాను.

"మావయ్యా, ఒక సెలూన్ ఉందనుకోండి" అన్నాడు.

"అనుకున్నాను."

"అందులో పనివాడికి మతిమరుపు. కత్తెర ఒక్కసారి ఆడించగానే ఎదురుగా కూర్చున్నది ఎవరో మర్చిపోతాడు. ప్రతి కోతకీ 'ఎవరండీ మీరు, ఏం కావాలి?' అంటాడు."

"అలాంటివాడు మా చిన్నప్పుడు నిజంగానే ఉండేవాడు. నాకు ఒకే రోజు మూడుసార్లు..."

"మావయ్యా, కాస్త వినండి. వెబ్ సర్వరు అచ్చం అలాంటిదే. మీరు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్ళేసరికి మిమ్మల్ని మర్చిపోతుంది. అందుకని గుమ్మంలోనే మీ చేతిలో నేనొక నంబరు చీటీ పెడతాను. గోడకి అరలుంటాయి. మీ నంబరున్న అరలో 'ఎడమ పక్క అయింది, మీసం ముట్టుకోవద్దు' అని రాసి పెడతాను. మీరు ప్రతిసారీ చీటీ చూపిస్తారు, వాడు అర చూసుకుంటాడు, మళ్ళీ కత్తెర ఆడిస్తాడు. ఆ అరే సెషన్."

"మధ్యలో లేచిపోతే?"

"ఇరవై నిమిషాలు చూసి అర ఖాళీ చేసేస్తాం."

"సగం క్రాపుతో టీ తాగడానికి వెళ్ళినవాడి గతో?"

"తిరిగొచ్చి మొదటినుంచి చెప్పుకోవాలి."

ఇది చెప్పేటప్పుడు అతని ముఖం చూడాలి. తన చేత్తో మొక్కకి నీళ్ళు పోసి పెంచినవాడిలా ఉంటాడు. ఆఫీసులో కుర్రకారు అతన్ని 'చీటీల బాబాయ్' అంటారు. ఎవరి పేజీ మధ్యలో మతి తప్పినా, ఎవరి అర తెరుచుకోకపోయినా "బాబాయ్, ఒకసారి రా" అని కేక. ఆ కేక అతనికి జీతంతో సమానం.

వాళ్ళ పనిలో ఇంకొక పద్ధతుంది. ప్రోగ్రాములో ఏ లైను ఎవరు రాశారో, ఏ తేదీన రాశారో, దాని పక్కనే పేరు పడుతుంది. ఇల్లు కట్టినవాళ్ళ పేర్లు గోడల మీద ఎవరూ రాయరు కానీ, వీళ్ళ గోడలో ఇటుక ఇటుకకీ పేరుంటుంది. సెషన్ భాగంలో ఆరువేల రెండొందల లైన్లు. అన్నిటి పక్కనా మా పెద్దల్లుడి పేరే.

ఇక చిన్నల్లుడు. రెండేళ్ళ కిందట అతను పనిచేసే కంపెనీ మూతపడింది. అప్పుడు మేనేజరుతో మాట్లాడి, పట్టుబట్టి, తమ ఆఫీసులో చేర్పించింది మా పెద్దల్లుడే. "నేనే చేర్పించాను మావయ్యా" అని వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఎనిమిదో రోజు ఆ ఛాతీలో ముల్లు దిగింది.

ఆ రోజు చిన్నవాడు ఈలవేసుకుంటూ స్టూలెక్కి, ఏసీ కింద ఒక అట్టముక్క మడిచి పెట్టాడు. కారడం ఆగిపోయింది. ఆఫీసంతా చప్పట్లు. మా పెద్దల్లుడు ఖాళీ బకెట్టు వైపు చూస్తూ నిలబడ్డాడట. "తొమ్మిదేళ్ళు పారబోసిన చెయ్యి నాది మావయ్యా. ఒక అట్టముక్కతో పేరు వాడిది" అని నా దగ్గర వాపోయాడు. నేను చాలా విచారంగా తలాడించి, అతను వెళ్ళాక దిండులో ముఖం పెట్టుకుని నవ్వుకున్నాను.

మా ఇంట్లోనూ అతనికి శాంతి లేదు. ఆదివారం మధ్యాహ్నం కూతుళ్ళూ అల్లుళ్ళూ భోజనానికి వస్తారు. మా ఆవిడ పెద్దతన్ని "రండి అల్లుడుగారూ" అంటుంది. చిన్నవాణ్ణి "రా నాన్నా, వచ్చావా" అంటుంది. పెద్దతనికి గట్టి చెక్క కుర్చీ. చిన్నవాడికి ఎర్ర కుషన్ కుర్చీ, ఇంట్లో ఉన్నది అదొక్కటే. నాలుగేళ్ళుగా ఇదే వరస. మా పెద్దల్లుడు ముద్ద నోట్లో పెట్టుకుంటాడు కానీ, చూపు మాత్రం ఆ ఎర్ర కుషన్‌లో దిగబడి ఉంటుంది.

"పద్దెనిమిదేళ్ళయింది నేనీ ఇంటికి అల్లుణ్ణై" అన్నాడొకసారి, మా పెద్దమ్మాయితో, నాకు వినపడేలాగా. "ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, నన్ను మెత్తటిదాని మీద కూర్చోమన్నారా మీ అమ్మ?"

"అబ్బా, ఊరుకోండి. మీ నడుముకి గట్టి కుర్చీయే మంచిదని డాక్టరన్నాడుగా."

"వాడి నడుముకి ఏ డాక్టరూ ఏమీ అనడేం?"

ఇలా ఉండగా పోయిన ఏడాది మేనేజరు అందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది, చెప్పాక మార్చదు. సైటు నిలబడి ఉన్న ఫ్రేమ్‌వర్క్, అంటే దాని పునాది, ముసలిదైపోయింది, దాన్ని చేసినవాళ్ళే దాన్ని వదిలేశారు, మొత్తం కొత్త ఫ్రేమ్‌వర్క్ మీదికి మార్చాలి. సెషన్ భాగాన్ని మార్చే పని చిన్నల్లుడికిచ్చింది. పెద్దల్లుడితో, "మీరు పెద్దవారు, రివ్యూ మీరు చేయండి. ఇకముందు సెషన్ ఎవరు చూసుకోవాలన్నది కొత్త సైటు జనం వాడకానికి పైకి లేచాక చెబుతాను" అంది.

మా పెద్దల్లుడు అక్కడే లెక్క వేసుకున్నాడు. సెషన్ పోతే తనకి మిగిలేదేమిటి? ఆఫీసులో ఆ కేక ఇక ఎవరి పేరు మీద వినిపిస్తుంది?

చిన్నవాడు ఊరికే మార్చి ఊరుకునే రకం కూడా కాదు. అరలన్నీ ఒక సెలూన్ గోడకి ఉండటం దేనికి, పక్కగదిలో అందరికీ కలిపి ఒక్కచోట పెడితే, ఒక సెలూన్ మూతపడినా చీటీ పట్టుకుని పక్కదానిలోకి వెళ్ళవచ్చు కదా అన్నాడు. మేనేజరు తలూపింది. మా పెద్దల్లుడు ముఖం కందగడ్డ చేసుకున్నాడు. ఎందుకంటే ఆ ఆలోచన ఎనిమిదేళ్ళ కిందటే అతనికి వచ్చింది. నోటుపుస్తకంలో బొమ్మ గీసి, తేదీ వేసి, ఎవరికీ చూపించకుండా బీరువాలో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఆ పుస్తకం తెచ్చి నాకు చూపించాడు.

"చూడండి మావయ్యా, తేదీ చూడండి!"

"చూశాను. మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు."

"అతన్నెవరు అడిగారు?"

పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి అతనికొక అలవాటు పట్టుకుంది. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళగానే, సంచీ భుజం మీదినుంచి దించకముందే, సెషన్ భాగంలో తన పేరుమీద ఇంకా ఎన్ని లైన్లు మిగిలాయో లెక్క చూసుకోవడం. చిన్నవాడు ఒక లైను తిరగరాసిన ప్రతిసారీ పక్కన పేరు మారిపోతుంది. మొదటి వారం ఐదువేల తొమ్మిదొందలు. నెల తిరిగేసరికి మూడువేలు. తర్వాత పదకొండొందలు. "ఇవాళ నాలుగొందల ముప్పై" అని మా పెద్దమ్మాయితో టీ తాగుతూ చెప్పేవాడట, ఇంట్లో ఎవరికో నాడి పడిపోతున్నట్టు. చివరికి ఒకచోట ఆగింది. నలభై ఒకటి. వారమైనా, పది రోజులైనా నలభై ఒకటే. ఆ నలభై ఒకటీ ఎక్కడున్నాయో అతను తెరిచి చూడలేదు. చూస్తే అవీ ఉండవేమోనని భయం.

సైటు సోమవారం పైకి లేవాలి. దాని ముందు గురువారం చిన్నవాడి పని రివ్యూకి వచ్చింది. రివ్యూ అంటే ఒకరు రాసింది మరొకరు చదివి సరేననడం. ఆ సరే పడనిదే ఏదీ బయటికి వెళ్ళదు. మా పెద్దల్లుడు తలుపు దగ్గరి బల్ల మీద కూర్చుని, పేలు చూసే అమ్మలాగా పాయ పాయ విడదీసి చదివాడు. మూడు గంటలు. ఒక్క తప్పూ దొరకలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. చివర్లో అపాయింట్‌మెంటు ఫారం ఉన్న చిన్న ఫైలు తెరిచాడు. తెరవగానే వీపు నిటారైంది.

ఇక్కడ మళ్ళీ సెలూన్‌కి రావాలి. పాత ఫ్రేమ్‌వర్క్‌లో ప్రతి కోతకీ ఒక కొత్త పనివాడు పుట్టేవాడు. ఆ ఒక్క కోతా కోసి, అక్కడికక్కడే మాయమయ్యేవాడు. వాడు తన ముందున్న మనిషి వివరాలు అరచేతిలో రాసుకున్నా ఏ నష్టమూ లేదు, చెయ్యే ఉండదు కదా. కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో అలా కాదు. పనివాడు ఒక్కడే, కుర్చీలన్నిటికీ వాడే. వాడు అరచేతిలో రాసుకుంటే ఒకరిది చెరిగి ఇంకొకరిది పడుతుంది. మీ మీసం ఉంచమన్న మాట చెరిగి, పక్క కుర్చీ అతని గుండు మాట పడుతుంది. అందుకని అక్కడ ఏదైనా అరలోనే పెట్టాలి, చేతిలో రాసుకోకూడదు.

ఆ ఫైలులో పేషెంటుని అరచేతిలో రాసుకున్న లైను ఒకటి కనిపించింది.

ఒక్కొక్కరే కూర్చుని పరీక్షిస్తే అది బయటపడదు. ఒకే క్షణంలో ఇద్దరు వచ్చారా, తగువే. వాళ్ళ ఆఫీసులో పరీక్షించే అమ్మాయి ఒక్కతే. కాబట్టి అది సోమవారమే బయటపడుతుంది, ఊరంతా చూస్తుండగా. మా పెద్దల్లుడు ఆ లైనును ప్రేమలేఖ చదివినట్టు నాలుగుసార్లు చదివాడు. గదికి ఆ చివర చిన్నవాడు ఈలవేస్తూ ఎవరిదో కీబోర్డు తుడిచిపెడుతున్నాడు.

"అన్నయ్యా, ఏమైనా కనిపించిందా?" అని అక్కడినుంచే అడిగాడు.

చెబితే రెండు నిమిషాల పని. చెబితే, మార్చిన ఆ లైను మీదా చిన్నవాడి పేరే పడుతుంది.

"లేదు తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు. 'చూశాను, బాగుంది' అని టైపు చేసి, సరే నొక్కాడు. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ తనూ ఈలవేశాడట. టైర్ల కొట్టు మనిషి తల బయటపెట్టి చూశాడు, ఇదేం వింతని.

సోమవారం నాకు పని పడింది. నా కట్టుడు పళ్ళు వదులయ్యాయి. నేను "శనివారం" అంటే అవి పావు సెకను ఆలస్యంగా "శనివారం" అంటున్నాయి. కొత్తవాటికి కొలతలివ్వాలి. చిన్నప్పుడు కాన్వెంటు బళ్ళో సిస్టరు నేర్పినట్టు వెన్ను నిటారుగా పెట్టి, ఒక్క వేలితో, తొమ్మిది పేజీల ఫారం నింపాను. చివర్లో అపాయింట్‌మెంటు చీటీ వచ్చింది. కళ్ళద్దాలు వంటింట్లో ఉన్నాయి, అందుకని చదవలేదు. ఫోన్లో అలాగే పెట్టుకుని పదకొండింటికి ఆసుపత్రికి వెళ్ళాను.

కౌంటరు అమ్మాయి ఫోను అందుకుని చీటీ చూసింది. నన్ను చూసింది. నా వెనక చూసింది.

"పాప ఎక్కడండీ?"

"ఏ పాప?"

"తొమ్మిదేళ్ళ పాప. పాలపన్ను పీకాలని ఉంది."

"అది నేనేనమ్మా" అన్నాను. "కాస్త తొందరగా ఎదిగాను."

అమ్మాయి నవ్వలేదు. ఆ పొద్దున్నించి ఆమెకి అలాంటివి ఎన్ని వచ్చాయో పాపం. అంతలో ఒక తల్లి ఫోను ఎత్తి పట్టుకుని వచ్చింది. "ఏమండీ, మా అమ్మాయికి డెబ్బై ఆరేళ్ళేమిటి? కట్టుడు పళ్ళ కొలతలేమిటి? దానికి ఉన్న పళ్ళు ఇంకా ఊడనే లేదు!" వెనక ఇంకొకాయన తనకి గర్భం ఐదో నెలట, ఎక్స్‌రే తీయకూడదట, అని చదివి వినిపిస్తున్నాడు. ఆయన మీసాలు చూస్తే చెవుల దాకా ఉన్నాయి. చూస్తూండగానే నలభై మంది పోగయ్యారు. మా ఆవిడ పదిహేనే అంటుంది, కానీ ఆవిడ అక్కడ లేదు.

నేను వెంటనే పెద్దల్లుడికి ఫోను చేశాను. మా ఇంట్లో కంప్యూటరు తెర నల్లబడ్డా, దోమ వాలినా అతనికే చేస్తాను.

"అల్లుడుగారూ, నాకు తొమ్మిదేళ్ళు నిండాయి. పాలపన్ను పీకుతారట. నా నోట్లో పీకడానికి ఏ పన్నూ లేదు. ఏం చేయమంటారు?"



"మావయ్యా" అన్నాడు. "మీరు... మీరెందుకు వెళ్ళారు ఇవాళ?"

"పళ్ళు వదులైతే ఎవరైనా వెళతారు."

"కుర్చీలో కూర్చోకండి. ఎవరేం అన్నా నోరు తెరవకండి" అని పెట్టేశాడు. నన్ను నోరు తెరవొద్దన్న మొదటి మనిషి అతనే. అదీ వదులు పళ్ళతో.

తర్వాత ఆఫీసులో జరిగినది ఇద్దరల్లుళ్ళూ విడివిడిగా చెప్పారు. రెండు కథలూ కలిశాయి కాబట్టి నిజమే అయ్యుండాలి.

సైటును ఆపేశారు. పద్దెనిమిది మందీ చిన్నవాడి బల్ల చుట్టూ మూగారు. మా పెద్దల్లుడు వెనక వరసలో నిలబడ్డాడు. ఒక పక్క నా నోరు గుర్తొచ్చి భయం, ఇంకో పక్క ఆపుకోలేని సంబరం. చిన్నవాడు పది నిమిషాల్లో పట్టేశాడు.

"ఇదిగోనండీ, ఈ లైను. పేషెంటుని సెషన్లో పెట్టకుండా ఇక్కడే పెట్టుకుంది. అందరిదీ కలిసిపోతోంది."

"ఎవరు రాశారు?" అంది మేనేజరు.

చిన్నవాడు తెరకి అడ్డంగా జరిగాడు. "నాదేనండీ తప్పు. మార్చింది నేనేగా."

"తప్పెవరిదని కాదు. ఎవరు రాశారని." ఆవిడ వంగి మౌసు తనే అందుకుని నొక్కింది. లైను పక్కన పేరు పడింది.

మా పెద్దల్లుడి పేరు. పదకొండేళ్ళ కిందటి తేదీ.

నలభై ఒక్క లైన్లు. ఆగిపోయిన ఆ లెక్క ఈ ఫైలుదే. రివ్యూ చేసేటప్పుడు కొత్తగా రాసిన లైన్లు ఆకుపచ్చగా కనిపిస్తాయి, ఉన్నవి ఉన్నట్టు వదిలేసినవి తెల్లగా ఉంటాయి. గురువారం ఆ లైను తెల్లగానే ఉంది. అంత సంబరంలో రంగెవరు చూస్తారు?

"అన్నయ్య రాసినప్పుడు అది తప్పు కాదండీ" చిన్నవాడు గబగబా అన్నాడు. "పాతదాంట్లో అలాగే రాయాలి. ఇటు తెచ్చేటప్పుడు నేను చూసుకోవాల్సింది. అన్నీ తిరగరాసేశాను కదా, ఈ ఒక్క ఫైలైనా అన్నయ్యది అన్నయ్యదిగా ఉండనిద్దామని ముట్టుకోలేదు."

ఎవరో "అయ్యో బాబాయ్" అన్నారు, మెల్లిగా.

మేనేజరు వెనక్కి తిరిగింది. "రివ్యూలో కనిపించలేదా మీకు?"

తప్పించుకోవడానికి తలుపు బార్లా తెరిచి ఉంది. కనిపించలేదంటే చాలు. నలభై ఆరేళ్ళు, కళ్ళద్దాలు, మూడు గంటల చదువు, ఎవరైనా నమ్ముతారు. సెషన్ కూడా చేజారకపోవచ్చు, అతనికే తెలిసిన భాగం కదా అని. మా పెద్దల్లుడు కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"కనిపించింది" అన్నాడు. "గురువారమే కనిపించింది. చూసి ఊరుకున్నాను."

"ఎందుకు?"

"తమ్ముడిదనుకున్నాను."

ఈ మాట నాకు చెబుతూ మా పెద్దల్లుడు నేల చూపులు చూశాడు. చిన్నవాడు చెబుతూ కిటికీ బయటికి చూశాడు. ఆ సమయంలో ఆ గదిలో పదహారు మంది తమ చెప్పులు చూసుకున్నారట. మేనేజరు ఒక్కతే అతని ముఖంలోకి చూసి, "ముందు సైటు లేపండి" అంది.

చిన్నవాడు కుర్చీ లోంచి లేచి కీబోర్డు ఇటు జరిపాడు. "మీరే తీసెయ్యండి అన్నయ్యా."

అతను కూర్చుని ఆ లైను తీసేశాడు. పేషెంటుని అరలో పెట్టేందుకు రెండు లైన్లు రాశాడు. ఈసారి చిన్నవాడు పక్కన నిలబడి రెండుసార్లు చదివి సరేనన్నాడు. పన్నెండింటికల్లా సైటు లేచింది. నాకు మళ్ళీ డెబ్బై ఆరేళ్ళు వచ్చాయి.

మధ్యాహ్నం మేనేజరు చెప్పవలసింది చెప్పింది. ఇకనుంచి సెషన్ చిన్నతను చూసుకుంటాడు. పెద్దాయన మూడు నెలలు ఎవరిదీ రివ్యూ చేయకూడదు. అంతే. అరవలేదు.

మర్నాడు సాయంత్రం అతను మా ఇంటికి వచ్చి నా గదిలో మంచం చివర కూర్చుని మొత్తం చెప్పుకున్నాడు. నేను ఓదార్చబోయాను.

"అది కాదు మావయ్యా" అన్నాడు. "సెషన్ పోతే పోయింది. వాడు నన్ను ఒక్క మాటైనా అనాలా వద్దా? తిట్టొచ్చుగా! నలుగురిలో కడిగెయ్యొచ్చుగా! పొద్దున్నే వచ్చి 'అన్నయ్యా, టీ తాగుదామా' అంటాడు. అంత మంచితనం వాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది? నాకెందుకు రాదు?" అని పళ్ళు కొరికాడు. నేనూ తోడుగా కొరికేవాణ్ణే, కానీ నావి గ్లాసులో ఉన్నాయి.

ఆదివారం వచ్చింది. ఇద్దరూ భోజనానికి వచ్చారు. కూతుళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకుంటున్నారు. చిన్నవాడు తన ఎర్ర కుషన్ కుర్చీ దగ్గరికి వెళ్ళి, కూర్చోకుండా దాన్ని పక్కకి లాగి, "అన్నయ్యా, ఇవాళ ఇందులో మీరు కూర్చోండి" అన్నాడు.

నాలుగేళ్ళ కల. మా పెద్దల్లుడు ఒకసారి కుర్చీని చూశాడు, ఒకసారి తోడల్లుణ్ణి చూశాడు. నెమ్మదిగా వెళ్ళి, మహారాజులా కూర్చున్నాడు. కూర్చుని, "హా" అని సగం లేచాడు.

వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అయ్యో, అందులోనా! లేవండి అల్లుడుగారూ, దాని స్ప్రింగు విరిగి పైకి పొడుచుకొచ్చింది! ఇంట్లో కుర్చీలు చాలక, చిన్నవాడైతే ఏమీ అనుకోడని వాడికేస్తున్నాను. మిమ్మల్ని అందులో కూర్చోబెడతానా? మర్యాదా?"

పెద్దల్లుడు మెల్లిగా తల తిప్పి చిన్నవాణ్ణి చూశాడు.

"నాలుగేళ్ళుగా దీని మీదే కూర్చున్నావా?"

"ఊఁ."

"చెప్పొచ్చుగా!"

"అత్తయ్య ప్రేమగా వేశారు కదా అని... కాస్త ఎడం పక్కకి ఒరిగితే తగలదు అన్నయ్యా. నాకు అలవాటైపోయింది. మీరు లేవండి, చెక్క కుర్చీ తెస్తాను."

మా పెద్దల్లుడి ముఖంలో ఆ రంగు మళ్ళీ ఎక్కడం నేను చూశాను. మొదట చెవులు, తర్వాత మెడ. ఒక్క మాటా అనకుండా నాలుగేళ్ళు! ఓర్చుకోవడంలో కూడా వాడేనా!

"అక్కర్లేదు" అన్నాడు. "నాకు బాగానే ఉంది."

మా ఆవిడ లేవమంది. మా పెద్దమ్మాయి చెయ్యి పట్టుకు లాగింది. నేనూ ఒక మాట అన్నాను, ఊరికే మర్యాదకి. లేవలేదు. ఎడం పక్కకైనా ఒరగలేదు. పళ్ళెం దగ్గరికి లాక్కుని, వీపు నిటారుగా పెట్టి, రెండోసారి వడ్డించమని కూడా అడిగి, భోజనం అయ్యేదాకా ఆ స్ప్రింగు మీదే కూర్చున్నాడు.